చేను వాటా

పంది పడగానే, పొట్ట కొయ్యకముందే, మేము అడగాల్సిన మాట ఒకటుంది. "ఇది ఎవరి చేనురా?" అని. పంది ఎవరి నేల మీద పడిందో ఆ రైతుకు కబురు వెళ్లాలి. ఆయన వచ్చి చూడాలి. ఆ తర్వాతే కత్తి దించాలి. మాంసం పోగులు పెట్టినప్పుడు ఒక పోగు ఆయనది. దాన్ని చేను వాటా అంటాం. వల వేసినవాడికి, కుక్కల్ని తెచ్చినవాడికి, మొదటి బల్లెం దింపినవాడికి వేరే వాటాలుంటాయి గానీ, చేను వాటా పక్కన పెట్టకుండా ఎవరూ తమ పోగు ముట్టుకోరు. ఈ పద్ధతి మా పేరయ్య మావకు వాళ్ల నాన్న నేర్పాడు, మావ నాకు నేర్పాడు. ముప్పై ఏళ్లలో నేను దాన్ని ఒక్కసారే తప్పాను.

నా పేరు జక్రయ్య. మా ఊరు సత్తెనపల్లికి పన్నెండు కిలోమీటర్లు. మిర్చి, పత్తి పండే నల్లరేగడి. నేనూ రెండెకరాలు కౌలుకు చేస్తాను గానీ, నా పేరు ఎవరికైనా తెలిసిందంటే పందుల వల్లే. చేలో పందులు పడ్డాయంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు నాకే ఫోన్ చేస్తారు. వేట చట్టానికి విరుద్ధమని అందరికీ తెలుసు, పంట పోతుంటే అందరూ కళ్లు మూసుకుంటారు. నాకు కోపం ముక్కు మీదుంటుందని అంటారు. ఆ మాట ఎవరన్నా అంటే ఇదివరకు మీసం మెలేసేవాణ్ణి. ఇప్పుడు తల దించుకుంటాను.

మాలిక్, నేను ఒకే బడిలో చదువుకున్నాం, ఐదో తరగతిలో ఒకేసారి తప్పాం. వాడిది వాగు ఒడ్డున ఆరెకరాల చేను. వాగు నిండా సర్కారు తుమ్మ. పగలంతా పందులు ఆ ముళ్ల తుప్పల్లో పడుకుని, పొద్దు గూకాక చేలో దిగుతాయి. మిరప మొక్కను తినవు, తొక్కేస్తాయి. మొక్కజొన్న పాలకంకి మీదికి వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు. ఒక కంకి తినడానికి పది కర్రలు విరుస్తాయి. అందుకని ఏటా రెండు మూడుసార్లు మాలిక్ చేలోనే నా వల పడేది.

వాడు ఆ మాంసం తినడు. వాళ్లలో అది నిషిద్ధం. అయినా కబురు పెట్టగానే వచ్చేవాడు. గట్టు మీద పదడుగుల దూరంలో నిలబడి పందిని చూసి, "నా వాటా ఫలానావాళ్లకి ఇవ్వండిరా" అని ఒక పేరు చెప్పి వెళ్లేవాడు. ఒకసారి పక్షవాతం వచ్చిన ముసలమ్మ పేరు, ఒకసారి పని దొరక్క ఇంట్లో కూర్చున్నవాడి పేరు. మా పల్లెలో ఎవరింట్లో కూర ఉడికి ఎన్నాళ్లయిందో మాకంటే వాడికే బాగా తెలిసేది. వాడు ముట్టని మాంసంతో వాడే అందరికీ దగ్గరయ్యాడని నేను వేళాకోళం చేసేవాణ్ణి. వాడు నవ్వేసి ఊరుకునేవాడు.

ఇంత మంచిగా ఉన్న మా మధ్య ఇబ్బంది వచ్చింది పోయిన నవంబరులో. వాడి కూతురు షమీమ్ నిశ్చితార్థం. నల్లపాడు నుంచి పెళ్లికొడుకు తరఫువాళ్లు వచ్చారు. వాకిట్లో షామియానా, కుర్చీలు, బిర్యానీ వాసన. సరిగ్గా అప్పుడే మేము ఎవరిదో చేలో పడిన పందిని కర్రకు కట్టి, నలుగురం మోసుకుంటూ ఆ వీధిలోకి వచ్చాం. మాలిక్ గబగబా ఎదురొచ్చాడు. గొంతు తగ్గించి, "జక్రయ్యా, ఇవాళ ఒక్కరోజు కాలవ గట్టు మీదుగా పోండిరా" అన్నాడు. అంతే అన్నాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

మేము వెనక్కి తిరిగి కాలవ గట్టు మీదుగానే వెళ్లాం. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా వాడి చేలో పడిన పంది వాడికి పనికొచ్చింది, ఇప్పుడు చుట్టాల ముందు అది వాడికి రోతైందా అనుకున్నాను. నేనే ఆ స్థానంలో ఉంటే, మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంటే, ఇంకొకరు ఇంకేదో మోసుకొస్తే, నేను కూడా అదే మాట ఇంకా గట్టిగా అనేవాణ్ణని ఇవాళ తెలుసు. అప్పుడు తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు.

జనవరి చివర్లో మాలిక్ మా ఇంటికొచ్చాడు. మొక్కజొన్న పాలు పట్టిందనీ, రెండు రాత్రుల్లో పావెకరం పోయిందనీ, వచ్చి వల వెయ్యమనీ అడిగాడు. మంచం మీద కూర్చుని టీ తాగాడు. వల చిరిగింది, బాగు చేయించాలని చెప్పాను. వల నా వెనకాల గోడకు శుభ్రంగా చుట్టి వేలాడుతోంది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, సరేలేరా అని లేచాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. కుక్క కాలికి దెబ్బ తగిలిందన్నాను. మూడోసారి అడగలేదు. అడిగితే వెళ్దామనే అనుకున్నాను. వాడు మూడోసారి అడగాలి, కాస్త బతిమాలాలి, అప్పుడు వెళ్లాలి. నా లెక్క అది.

వాడు అడగలేదు. మొక్కజొన్న పిండిలో పురుగుమందు గుళికలు కలిపి, ముద్దలు చేసి, వాగు గట్టున పెట్టాడు. ఎవరితోనూ చెప్పలేదు, భార్య నసీమున్నీసాకు కూడా. ఆ పని చెయ్యడం వాడికి సిగ్గనిపించిందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

రెండు రోజుల తర్వాత, గురువారం పొద్దున, వాగుకు అవతలి గట్టు రైతు వేటకు పిలిచాడు. వెంటనే ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు సంబరంగా ఉంది. మాలిక్ చేను పక్కనే వేటాడి, మాలిక్‌కు కనిపించేటట్టు మాంసం మోసుకుపోవాలని. తీరా చూస్తే వాడు ఊళ్లో లేడు. మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లాడు. నసీమున్నీసా కొత్తగా పెళ్లయిన కూతురి దగ్గర నల్లపాడులో ఉంది. చూసేవాళ్లు లేరని నాకు చిరాకు కూడా వచ్చింది.

ఎనిమిది మందిమి వెళ్లాం. పేరయ్య మావ కూడా వచ్చాడు. మావకు డెబ్బై ఆరేళ్లు, నోట్లో నాలుగు పళ్లున్నాయి, వేట మాత్రం మానడు. గట్టు మీద కూర్చుని అందరికీ పని చెబుతాడు. మా అన్న కొడుకు ప్రసన్నకుమార్ తన ఆటోలో వల తెచ్చాడు. వాగు సన్నబడే చోట వల కట్టాం. ఒక చివర గుంజ మాలిక్ గట్టులోనే దిగగొట్టాం. నాలుగు కుక్కల్ని అటువైపు నుంచి తోలాం.

మామూలుగా మగపంది వలలో పడిందంటే వాగంతా దద్దరిల్లుతుంది. ఆ రోజు అలా కాలేదు. తుప్పల్లోంచి ఒక పెద్ద మగపంది నడుచుకుంటూ వచ్చింది. పరుగు లేదు. తూలుతూ వచ్చి, వలకు ఆనుకుని, వెనక కాళ్ల మీద కూలబడింది. నోటి నుంచి నురగ తీగలుగా కారుతోంది. కుక్కలు చుట్టూ చేరి మొరిగాయే గానీ ఒక్కటీ పట్టలేదు. నా ముసలి కుక్క బుల్లి దగ్గరికి వెళ్లి వాసన చూసి, నా వైపు చూసి, పక్కకు వచ్చి పడుకుంది. అది తొమ్మిదేళ్లుగా పందిని వదిలిపెట్టి రాలేదు.

ప్రసన్నకుమార్ అన్నాడు, దీనికేదో జబ్బున్నట్టుంది బాబాయ్ అని. నేను వాణ్ణి కసిరాను. ఎండకు అలిసిపోయింది, ముసలి పంది, నా వల చూసి దానికి కాళ్లు వణికాయి అని నవ్వి, బల్లెం దింపాను. ఒక్క పోటుకే పోయింది. అందరూ శెభాషన్నారు. నేను మురిసిపోయాను. నురగ చూశాను, బుల్లిని చూశాను, అయినా మురిసిపోయాను.

మావ గట్టు మీద నుంచి అడగాల్సిన మాట అడిగాడు.

"ఎవరి చేనురా ఇది?"

పంది ముందు కాళ్లు వాగులో ఉన్నాయి. వెనక సగం మాలిక్ గట్టు మీద ఉంది. గుంజ కూడా వాడి గట్టులోదే. ఏ లెక్కన చూసినా అది మాలిక్ చేను. "వాగు" అన్నాను. "వాగు ఎవరి చేనూ కాదు మావా."

మావ గట్టును చూశాడు, పందిని చూశాడు. "మాలిక్‌కి కబురు పెట్టరా" అన్నాడు నెమ్మదిగా.

మన పంది వాసన ఇప్పుడు వాళ్లకు పడదులే అన్నాను. పక్కన నలుగురు నవ్వారు. మావ నవ్వలేదు, మళ్లీ అడగనూ లేదు. పెద్దవాడైపోయాడు, వేట నాది, మాట నాది. ఆ ఒక్క ఫోన్ చేసుంటే, గుంటూరు యార్డులో ఉన్నా సరే, మాలిక్ అక్కణ్ణుంచే చెప్పేవాడు.

పొట్ట నేనే కొయ్యాలి. మావ నేర్పిన పద్ధతి అది. కోసినవాడు కడుపు సంచిని విప్పి, ఏం తిందో చూసి, వాసన చూసి, అప్పుడు పోగులు పెట్టనివ్వాలి. ఆ రోజు నేను అందరికీ నా పోటు గురించి చెప్పుకుంటూ కత్తి ప్రసన్నకుమార్ చేతికిచ్చాను. వాడికి అలవాటు లేదు. సంచి చిరిగి లోపలి పిండి అంతా కార్జం మీద పడింది. పురుగుమందు వాసన వచ్చింది. రాకపోవడమేం, వచ్చింది. కానీ మిర్చి సీజనులో ఆ వాసన ఎక్కడ లేదు? మా చేతులకు అదే, తువ్వాళ్లకు అదే, తాగే నీళ్ల బిందెకు అదే. ఎవరూ పట్టించుకోలేదు. రెండు సీసాల నీళ్లు పోసి కార్జం కడిగారు.

కార్జం ఎప్పుడూ మావదే. వేటలో పెద్దవాడికి అది వాటా, పైగా ఆయన నమలగలిగింది అదొక్కటే. తుమ్మ పుల్లలు మంట వేసి, నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్ది, నా చేత్తో ఆకులో పెట్టి ఇచ్చాను. మావ తిన్నాడు. బాగుందా అంటే తలూపాడు.

అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే మాలిక్. వేట సంగతి తెలిసి వాటా అడగడానికి చేస్తున్నాడనుకున్నాను. కాసేపు వేగనీ అని జేబులో పెట్టేశాను. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. మూడుసార్లూ పేరు చూశాను, మూడుసార్లూ ఎత్తలేదు. ఎవడ్రా అని ఎవరో అడిగితే, అప్పులవాడని జోకేశాను.

మధ్యాహ్నానికి మాంసం మా వాకిట్లోకి వచ్చింది. కొంత పోగులు పెట్టి, మిగతాది అందరికీ కలిపి ఒకే డేగిశాలో వండుతున్నాం. పల్లెలోవాళ్లు ముప్పై మంది దాకా గిన్నెలు పట్టుకుని చేరారు. మావ ఆటో దిగినప్పటి నుంచి కడుపులో తిప్పుతోందంటూ మా వసారాలో మంచం మీద పడుకున్నాడు. కూతురు ఏస్తేరు, అంటే నా మరదలు, మజ్జిగ కలిపి ఇచ్చింది. కొవ్వు ఎక్కువైందిలే అనుకున్నాం. ముఖమంతా చెమట పట్టింది. ఎండ అనుకున్నాం.

డేగిశా దించబోతుండగా మాలిక్ మోటారు సైకిలు వచ్చి వాకిట్లో ఆగింది. స్టాండు వెయ్యలేదు, అలాగే పడేసి వచ్చాడు. గుంటూరు యార్డులో ఉండగా మా ఊరివాడెవడో ఫోన్‌లో చెప్పాడట, మీ వాగులో పంది పడిందని.

"జక్రయ్యా, దాన్ని తినొద్దు. ఎవర్నీ తిననివ్వద్దు."

నేను లేచాను. ఏం మాట్లాడానో మొత్తం గుర్తులేదు, గుర్తున్నంతవరకు చెప్పడానికి నోరు రాదు. మా వీధిలోకొచ్చి మా డేగిశాలో ఏముండాలో చెప్పేంతటివాడివయ్యావా అన్నాను. మీ వాకిట్లో మా పంది నడవకూడదు గానీ, మా వాకిట్లో నువ్వు నడవొచ్చా అన్నాను. అందరూ వింటున్నారు. వాడు నా మాట అయ్యేదాకా కూడా ఆగలేదు.

"ఒరేయ్, నేను మందు పెట్టాను. పిండిలో గుళికలు కలిపి గట్టున పెట్టాను. ఆ పంది అదే తింది."

ఆ మాట చెవిన పడగానే నాకు నురగ గుర్తొచ్చింది. బుల్లి నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. చిరిగిన సంచి వాసన ముక్కుకు మళ్లీ తగిలింది. వాడు చెప్పింది నిజమని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసి, మాలిక్ చెంప మీద కొట్టాను. నమ్మకే కొట్టానని ఊరంతా అనుకుంది. నేను నమ్మే కొట్టాను. ముప్పై మంది ముందు, పందుల జక్రయ్యకు చచ్చే పందికీ చంపిన పందికీ తేడా తెలియలేదని తేలిపోతుంటే, నా చెయ్యి దాన్ని ఆపబోయింది.

వాడు నన్ను తిరిగి కొట్టలేదు. నన్ను దాటుకుని పొయ్యి దగ్గరికి వెళ్లి, గుడ్డ కూడా లేకుండా, రెండు చేతులతో డేగిశా అంచులు పట్టుకుని తిరగేశాడు. పులుసు మొత్తం నేలపాలైంది. పక్కన పెట్టిన పోగులూ అందులోకే ఈడ్చాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఏ కుక్కా కోడీ ముట్టకుండా, ఆ మాంసం మీదికి ఆ చేతులతోనే మట్టి తోశాడు. యాభై ఐదేళ్లలో ఆ మాంసానికి పదడుగుల దగ్గరికి రానివాడు. ప్రసన్నకుమార్ వాడి చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. జనం తలో మాటా అంటున్నారు. అంతలో వసారాలో ఏస్తేరు అరిచింది. మావ నోటి నుంచి నురగ వస్తోంది.

ప్రసన్నకుమార్ ఆటోలోనే తీసుకెళ్లాం. మాలిక్ ఎవరూ పిలవకుండానే ఎక్కి, మావ తల ఒళ్లో పెట్టుకున్నాడు. వాడి అరచేతులు ఎర్రగా పొంగి, తోలు లేచిపోయింది. ఆ చేతులతోనే మావ మూతి తుడుస్తూ కూర్చున్నాడు. సత్తెనపల్లిలో చూసి గుంటూరు పంపారు. డాక్టరు అడిగితే, మిరప చేలో మందు కొట్టాడని నేను చెప్పాను. పంది మాట ఎత్తితే ఎనిమిది మందిమీ కేసుల్లో ఇరుక్కుంటాం. మాలిక్ ఒక్కడే నా వైపు చూసి, మళ్లీ మావ వైపు తిరిగాడు. డాక్టరుకు విషం సంగతి మాత్రం తెలిసిపోయింది. చెయ్యాల్సింది చేశారు. మావ మూడో రోజు పొద్దున పోయాడు.

సమాధి చేసి వచ్చాక ఊళ్లో ఒకటే మాట మిగిలింది. మాలిక్ మందు పెట్టాడు, పేరయ్య చచ్చిపోయాడు. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే దాన్ని ఎవరూ కదిలించలేకపోయారు. కబురు పెట్టమని మావ చెప్పిన మాట వాగు దగ్గర ఉన్నవాళ్లందరూ విన్నారు గానీ, వాళ్లూ తినబోయినవాళ్లే, వాళ్లకూ ఎవరో ఒకరి మీద కోపం కావాలి. నురగ సంగతి ప్రసన్నకుమార్ ఒకసారి ఎత్తబోతే, నేను వాణ్ణి చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. ఫోన్ సంగతి నాకొక్కడికే తెలుసు.

మా పల్లె ఆడవాళ్లు మాలిక్ మిరప కోతకు వెళ్లడం మానేశారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే మానేశారు. వాడు పెదకాకాని అవతల నుంచి కూలీలను తెచ్చుకోబోయాడు, వాళ్లు రెండు రోజులు చేసి, ఇక్కడివాళ్ల మాటలు విని, రాలేదు. కాయలు చెట్టు మీదే ఎండి, తాలు అయిపోయాయి. మాలిక్, నసీమున్నీసా ఇద్దరే చెరొక సాలు పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోసేవాళ్లు. వాడి చేతులకు కట్లు. మిరపకాయ ఘాటు ఆ పుళ్ల మీద ఎట్లా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. నేను రోజూ ఆ గట్టు మీద నుంచే నా చేలోకి వెళ్లాను. ఎవరన్నా నన్ను అడిగితే నిజం చెప్పేద్దామనుకునేవాణ్ణి. నిజంగానే అనుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు. అడగరని తెలిసే అలా అనుకునేవాణ్ణేమో.

నాలుగు నెలలు గడిచాయి. జూన్‌లో, తొలకరి పడకముందు, మాలిక్ పొలం ఎవరికో కౌలుకిచ్చేసి నల్లపాడు వెళ్లిపోతున్నాడని తెలిసింది. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను. మర్నాడు పొద్దున ట్రాక్టరు ట్రక్కు వాడి ఇంటి ముందు ఆగిందని తెలిసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను.

నసీమున్నీసా గుమ్మంలో గిన్నెలు మూట కడుతోంది. నన్ను చూసి లేచి, "లోపలికి రా అన్నా" అంది. ఆ అమ్మాయి ఎప్పుడూ నన్ను అలాగే పిలిచేది. ఆ పిలుపు విని వెనక్కి వెళ్లిపోదామనిపించింది. మాలిక్ పెరట్లో మంచం నవారు విప్పుతున్నాడు. అరచేతుల్లో తెల్లటి మచ్చలు మిగిలాయి, వేళ్లు పూర్తిగా ముడవడం లేదు. ముడి రాక పళ్లతో లాగుతున్నాడు. నేను వెళ్లి ఆ ముడి విప్పాను. ఇద్దరం మంచానికి చెరోవైపు కూర్చున్నాం.

నేను చెప్పేశాను. పంది తూలుతూ వచ్చిందని, నురగ చూశానని, కుక్కలు ముట్టలేదని, చూసి కూడా పొడిచి మురిసిపోయానని. అది వాడి చేనే అని తెలిసి వాగని అబద్ధమాడానని. మావ కబురు పెట్టమన్నా పెట్టలేదని. వాడు మందు పెట్టానన్నప్పుడు నిజమని తెలిసే కొట్టానని. చివరికి ఫోన్ సంగతి చెప్పాను. మూడుసార్లూ పేరు చూసి ఎత్తలేదని చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మాలిక్ చాలాసేపు నవారు చుట్టుకుంటూనే ఉన్నాడు.

"ఫోన్ చేసింది నేనేగా. నువ్వు ఎత్తలేదని నాకు తెలీదా?" అన్నాడు. "పందిని చూస్తే దానికేమైందో నీకు తెలీకుండా ఉండదనీ తెలుసు. ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నాగా నిన్ను."

మరి ఎవరితోనూ ఎందుకు అనలేదని అడిగాను. వాడు ఊరికి చెప్పి ఉంటే సగం బరువు దిగేది. కోతకు మనుషులొచ్చేవాళ్లు. ఊళ్లో ఉండగలిగేవాడు.

"నేను చెబితే తప్పించుకోడానికి చెప్పినట్టుంటది. నువ్వు చెబితే వేరు. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశా. నాలుగు నెలలు చూశా జక్రయ్యా."

ఇప్పుడే వెళ్లి అందరికీ చెబుతాను, సామాను దించమని బతిమాలాను. వాడి చేతులు పట్టుకోబోయి, ఆ మచ్చలు చూసి పట్టుకోలేకపోయాను.

"మందు పెట్టింది నేను. మావ పోయింది దాని వల్ల. అది నాది, నాతోనే వస్తుంది" అన్నాడు. "నీది నువ్వు చెప్పుకో. నాకోసమని మాత్రం చెప్పొద్దు. నాకు ఇంక ఈ ఊళ్లో పని లేదు."

మంచం ఎక్కించడానికి సాయం చేశాను. బీరువా ఎక్కించడానికి సాయం చేశాను. అంతకుమించి చెయ్యడానికి నాకేమీ మిగల్లేదు. ట్రక్కు కదిలాక నసీమున్నీసా నాకు చెయ్యి ఊపింది. మాలిక్ చేను వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను రోడ్డు మీద నిలబడి, ట్రక్కు సత్తెనపల్లి మలుపు తిరిగేదాకా చూశాను.

అక్కణ్ణుంచి నేరుగా ఏస్తేరు ఇంటికి వెళ్లాను. తను గుమ్మంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను, మాలిక్‌తో చెప్పినట్టే, ఒక్క ముక్క దాచకుండా. కార్జం ఆకులో పెట్టి మావ చేతికిచ్చింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఆశపడ్డాను. చేతిలో కాయ పక్కన పెట్టి, మాలిక్ అన్న ఇంట్లో ఉన్నాడా అని అడిగింది. లేడు, ఇప్పుడే వెళ్లిపోయాడన్నాను.

ఏస్తేరు ఒళ్లో తొడిమలు కింద దులిపింది. తర్వాత నా మొహంలోకి చూసి అంది.

"నాన్న గుంటలో మట్టి వెయ్యడానికి ఆయన వస్తే, ఆ మట్టి లాక్కుని ఆయన మొహాన కొట్టాను. కట్లు కట్టిన చేతుల్తో తుడుచుకుంటా వెళ్లిపోయాడు. అప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా బావా?"

ఉన్నానన్నాను.